యాత్ర అనాలా, వలస అనాలా?

పరదేశంలో ఉపాధ్యాయ ఉద్యోగానికి పోయినవాడు తన మొదటి రోజులను గురించి రాస్తే దాన్ని మనం యాత్రాచరిత్ర అంటాము. అదే దేశానికి, ఒక్కొక్కప్పుడు అదే విమానంలో, సెంట్రింగు పనికి పోయినవాడి మొదటి రోజులను గురించి ఎవరైనా రాస్తే దాన్ని వలస సాహిత్యం అంటాము. మొదటి దానిలో శైలి వెదుకుతాము, రెండవ దానిలో కన్నీళ్ళు వెదుకుతాము. మొదటి దాన్ని సమీక్షించేవారు "కళ్ళకు కట్టినట్టున్నది" అని రాస్తారు. రెండవ దాన్ని సమీక్షించేవారు "గుండె కరిగించింది" అని రాస్తారు. ఈ రెండు మెచ్చుకోళ్ళూ తారుమారు కావడం నేను ఎన్నడూ చూడలేదు.

ఈ విభజన సాహిత్యంలో పుట్టినది కాదు. 1922 నాటి పాత చట్టం స్థానంలో 1983లో వచ్చిన వలసల చట్టం కింద పదవ తరగతి గట్టెక్కని పౌరుడు పని కోసం గల్ఫ్ దేశాలకు పోవాలంటే ప్రభుత్వపు అనుమతి కావాలి, గట్టెక్కినవాడికి అక్కరలేదు. చదువురాని కూలీని దళారుల మోసం నుంచి కాపాడటమే దీని ఉద్దేశమని చెప్పవచ్చు, అది కాదనను. కాని దీనితోపాటు మరొకటి కూడా జరిగిపోయింది. వలసపోయేవాడంటే చదువు లేనివాడని అర్థం స్థిరపడింది. చదువుకున్నవాడు ఉద్యోగానికి పోతాడు, ప్రవాసం పోతాడు, విదేశాలు చూసివస్తాడు. వలస మాత్రం పోడు! పాస్‌పోర్టు కచేరీ తన సౌకర్యం కోసం గీసుకున్న గీతను మన సాహిత్య విమర్శ ఒక సూత్రంగా తలకెత్తుకున్నది. పదవ తరగతికి ఇటువైపు యాత్ర, అటువైపు వలస.

ఈ గీత ఎంత కృత్రిమమైనదో తెలియాలంటే గంభీరావుపేట ప్రాంతాన్ని చూడాలి. 2016 దాకా కరీంనగరు జిల్లాలోనూ, ఆ తరువాత రాజన్న సిరిసిల్ల జిల్లాలోనూ ఉన్న మండలం ఇది. ఎగువ మానేరు ఆనకట్ట ఈ మండలంలోని నర్మాల వద్దనే ఉన్నది. ఆనకట్ట ఉన్నా ఊళ్ళలోని మగవాళ్ళు దుబాయికీ, మస్కటుకూ పోవడం ఆగలేదు. సిరిసిల్ల నేతపనివాడు భివండీకీ, షోలాపురానికీ పోయినట్టే, ఇక్కడి రైతుబిడ్డ కోరుట్ల, జగిత్యాల పిల్లలతో కలిసి ఎడారి దారి పట్టాడు. ఇదే మండలంలోని భీముని మల్లారెడ్డిపేటలో పుట్టిన రచయిత పెద్దింటి అశోక్ కుమార్. ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు. "జిగిరి" వల్ల ఆయన పేరు తెలుగునాట అందరికీ తెలిసింది గాని, గల్ఫ్ వలసల మీద రాసిన "ఎడారి మంటలు" గురించి మన సభల్లో జరగవలసినంత చర్చ జరగలేదు. పాఠాలు చెప్పే మనిషి కలం పట్టి, పోయినవాళ్ళ పక్షాన రాసిన నవల అది. ఇది గౌరవించదగిన సంగతి. అయితే అదే ఊళ్ళ నుంచి పాఠాలు చెప్పటానికే పరదేశం పోయినవాళ్ళున్నారు. వాళ్ళను ఏ అరలో పెట్టాలి?

ముందుగా యాత్రాచరిత్ర అనే ప్రక్రియ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాము. 1830 మే 18న మద్రాసు నుంచి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలో, పెద్ద పరివారంతో కాశీకి పోయివచ్చాడు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసిన ఉత్తరాలే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయినాయి. ఆ పుస్తకం గొప్పది. ఏ మజిలీలో నీళ్ళున్నవి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నవి, ఏ దారి ఎట్లా ఉన్నది అని ఆయన లెక్క వేసుకుంటూ పోయాడు. పల్లకీ మోసినవాడు ఆ దారిని గురించి రాసుంటే లెక్క వేరుగా ఉండేది గాని, లెక్క అంటూ ఉన్నదన్నది ముఖ్యం. తరువాతి తరాల యాత్రారచయితలు వీరాస్వామయ్య నుంచి పల్లకీని స్వీకరించారు, లెక్కను వదిలేశారు. మన పక్షపు రచయితలు మాస్కోకూ, పెకింగుకూ పోయివచ్చి రాసినప్పుడు కూడా చాలావరకు ఆ చూపు అతిథి చూపే. అతిథికి జీతం ఉండదు, యజమాని ఉండడు, ఒప్పందపత్రం ఉండదు. అందుచేత అతిథి భాషలో ఉద్యోగిని గురించి రాయటం అసాధ్యం.

ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కో పోయింది అతిథిగా కాదు. ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా అక్కడ ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆయన తన జీవితకథకు పెట్టుకున్న పేరు "బతుకు పుస్తకం". పేరులో ఏమున్నదని కొందరంటారు. ఇక్కడ పేరులోనే ఉన్నది.

ఎందుకంటే కరీంనగరు జనం వాడుకలో పరదేశం పోవడానికి ఉన్న మాట ఇదే. తిరుపతికి పోయినవాడు యాత్ర పోయినట్టు. దుబాయికి పోయినవాడు "బతుకపోయిండు". ఈ మాట తట్ట మోసినవాడికీ వర్తిస్తుంది, బడిపంతులుకూ వర్తిస్తుంది. పదవ తరగతి సంగతి ఈ మాటకు తెలియదు. పండితులు పెట్టిన రెండు అరలనూ జనం ఒక్క క్రియాపదంలో చెరిపేశారు.

ఉపాధ్యాయుడికి పరదేశంలో ఉద్యోగం ఎట్లా పుడుతుంది అన్న ప్రశ్న వేసుకుంటే యాత్ర అనే మాట ఎంత మోసకారిదో తెలుస్తుంది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించారు. అది ప్రాచ్యమతాలూ, నీతిశాస్త్రమూ బోధించే స్పాల్డింగ్ పీఠం. భారతీయుడు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడైనాడని దేశం గర్వించింది, గర్వించవలసిందే. కాని ఆ సామ్రాజ్యం మన దగ్గరనుంచి కొన్న పాఠం ఏది? మతం. అదే 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. దాని బీజం అంతకుముందే లండనులో ఉంటున్న సజ్జాద్ జహీర్, ముల్క్ రాజ్ ఆనంద్ వంటి యువకుల మధ్య పడింది. ఆ పాఠానికి ఇంగ్లండులో ఎవరూ పీఠం పెట్టలేదు.

అమెరికా సంగతి ఇంకా స్పష్టం. 1957లో సోవియట్ రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసింది. మరుసటి ఏడే అమెరికా ప్రభుత్వం జాతీయ రక్షణ విద్యాచట్టం చేసి, విదేశీ భాషలు నేర్పటానికి విశ్వవిద్యాలయాలకు డబ్బు కుమ్మరించింది. చట్టం పేరులోనే రక్షణ అన్న మాటున్నదని పాఠకులు గమనించగలరు. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద మనకు గోధుమలు అమ్మి కూడబెట్టిన రూపాయలతో 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం మన పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మనం గోధుమరొట్టె తిన్న డబ్బుతో మన కవిత్వం అక్కడి అరల్లోకి చేరిందన్నమాట. ఇటువంటి ఏర్పాట్ల నడుమనే వెల్చేరు నారాయణరావుగారు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి తెలుగు చెప్పటానికి పోయారు. ఫలానా పద్దు నుంచి ఆయన జీతం వచ్చిందని నేననటం లేదు; ఆయన చేసిన పని విలువను ఆ పద్దులు తగ్గించనూ లేవు. ఆ మాడిసన్ ఊళ్ళోనే, ఆయన చేరటానికి ఒక ఏడాది ముందు, 1970 ఆగస్టులో, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవారు సైన్యపు గణిత పరిశోధనాకేంద్రం ఉన్న భవనాన్ని పేల్చారు, ఒక పరిశోధకుడు చనిపోయాడు. అటువంటి ఊళ్ళో తెలుగు అక్షరాలు దిద్దించటమంటే ఏమిటి? ఈ ప్రశ్న వేసుకునే చోట మనవాళ్ళ అమెరికా రచనలు సాధారణంగా మంచును వర్ణిస్తాయి. మొదటి మంచు, మొదటి చలికోటు, ఆవకాయ లేని మొదటి అన్నం. మంచు మీద నాకు ద్వేషం లేదు గాని, మంచు ఎవరికీ నియామకపత్రం ఇవ్వదు.

ఇప్పుడు ఈ వ్యాసానికి కారణమైన రాతప్రతి సంగతి చెప్పాలి. గంభీరావుపేట మండలం నుంచి వచ్చి నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్న ఒక యువకుడు, బి.ఎడ్. పూర్తిచేసి, 2017 మార్చిలో గల్ఫులో భారతీయ పాఠ్యక్రమం నడిపే ఒక పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పటానికి పోయాడు. మొదటి మూడు నెలల అనుభవాలను అరవై పేజీలు రాసి, "నా ప్రథమ విదేశయాత్ర" అని పేరుపెట్టి నాకు పంపాడు. కుర్రవాడికి రాత వచ్చు. నగరం మీదికి విమానం దిగుతున్నప్పుడు కనిపించిన దీపాల వరసలను అతడు వర్ణించిన తీరు అచ్చులో వస్తున్న చాలామంది కంటె బాగున్నది. ఆ పేజీలను పొగడటం సులభం. నేను మరో మూడు చోట్ల ఆగాను.

మొదటిది శంషాబాదు విమానాశ్రయం. దేశం విడిచేవాళ్ళు నింపి ఇవ్వవలసిన కార్డు ఒకటి ఆ రోజుల్లో ఉండేది. 2017 జూలైలో దాన్ని ఎత్తివేశారు. వరసలో నిలబడ్డ కోరుట్ల, సిరిసిల్ల మనుషులు ఇతడి చేతిలో కలం చూసి, "సారు, గీ కాయితం జర నింపియ్యుండ్రి" అని అడిగారు. ఇతడు పదకొండు కార్డులు నింపాడు. పదకొండుమంది పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్ళ పేర్లు, ఎందుకు పోతున్నారన్న వివరం, అన్నీ ఇతడి చేతి మీదుగా నడిచినాయి. ఒక రచయితకు ఇంతకన్న ఏం కావాలి? కాని మనవాడు దాన్ని హాస్యఘట్టంగా రాశాడు. ఒకడు పుట్టినతేదీ చెప్పలేకపోయాడని, ఇంకొకడు సంతకం చేయవలసిన చోట వేలు చూపించాడని, నవ్వు. ఈ నవ్వు అతడిది కాదు. అది మన యాత్రారచనల్లో ముందునుంచీ ఉన్న సామాను. చదువుకున్న ప్రయాణికుడు తాను చదువుకున్నవాడినని తనకు తాను రుజువు చేసుకోవాలంటే పక్కన ఒక పల్లెటూరివాడు తికమకపడాలి. పైగా, ఆ పదకొండుమంది మాటలను మాత్రమే కరీంనగరు యాసలో కొటేషన్లలో పెట్టి, తాను మాట్లాడినదంతా పత్రికల తెలుగులో రాసుకున్నాడు. ఆ కుర్రవాడు నా తరగతిలో లేచి జవాబు చెప్పినప్పుడు ఏ యాసలో చెప్పేవాడో నాకు తెలియదా!

రెండవది దిగిన తరువాత. ఆ పదకొండుమందినీ కంపెనీ మనిషి ఒకడు బల్ల పట్టుకుని వచ్చి లెక్కపెట్టి, గోడవారన కూర్చోబెట్టి, పాస్‌పోర్టులు తీసుకున్నాడు. ఇతడు రాసిన వాక్యం: "వాళ్ళ పాస్‌పోర్టులు గుంజుకున్నారు." మంచి వాక్యం. కర్త దాగి ఉన్నా క్రియ నిజం చెప్పింది. నాలుగు పేజీల తరువాత, మరునాటి ఉదయం పాఠశాల గుమాస్తా ఇతడి పాస్‌పోర్టు అడిగాడు. వీసా ముద్ర కోసమన్నాడు, ముద్ర పడినాక తిరిగి ఇవ్వలేదు. అక్కడ ఇతడు రాసిన వాక్యం: "నా పాస్‌పోర్టు భద్రత నిమిత్తము కార్యాలయమునందు అప్పగింపబడినది." పాఠకులారా, ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే పని, ఒకే దేశం, ఒక్క రాత్రి తేడా. కూలీకి జరిగినప్పుడు వాడుకభాష, తనకు జరిగినప్పుడు గ్రాంథికం. గిడుగువారు గ్రాంథికంతో పోరాడింది బడిపిల్లల కోసమని మనం పాఠం చెబుతాము. అది సిగ్గును దాచుకునే దుప్పటిగా కూడా పనికివస్తుందని ఈ కుర్రవాడు చూపించాడు. యజమాని పూచీ మీదనే ఉండనిచ్చే కఫాలా పద్ధతి గల్ఫ్ దేశాల్లో తాపీవాడికి ఎంత వర్తిస్తుందో పంతులుకూ అంతే వర్తిస్తుంది. హైదరాబాదులో చేతికిచ్చిన కాగితంలో ఉన్న ఇంటిఅద్దె భత్యం అక్కడ సంతకం పెట్టించిన ఒప్పందంలో లేదు. ఈ సంగతి రాతప్రతిలో ఒకటిన్నర వాక్యం. ఆ నగరంలోని ఎత్తయిన భవనానికి మాత్రం ఆరు పేజీలు.

మూడవది రాతప్రతిలో లేనే లేదు. ఇతడి తండ్రి 1996లో బొంబాయి మీదుగా షార్జా పోయి పన్నెండేళ్ళు సెంట్రింగు పనిచేశాడు. తల్లి ఇంటిదగ్గర బీడీలు చుట్టింది. కొడుకు బి.ఎడ్. ఫీజు దాకా ఆ రాబడి మీదనే నడిచింది. అంటే ఇతడు ఎక్కింది ఆ వంశంలో మొదటి విమానం కాదు. తండ్రి ఎక్కిన విమానమే ఇతడికి పదవ తరగతి గీత దాటించింది. "ప్రథమ విదేశయాత్ర" అన్న పేరులోని ప్రథమ అన్న మాట తండ్రిని చెరిపేసి నిలబడ్డది. వలస అర, యాత్ర అర అని మనం గ్రంథాలయంలో విడదీసినవి ఆ ఇంట్లో ఒకే పెట్టెలో ఉన్నవి. నేను ఈ మాట రాసి పంపితే అతడి దగ్గరనుంచి వచ్చిన జవాబు ఇది: "సార్, నాన్న గురించి రాస్తే అది గల్ఫ్ కథ అవుతుంది గదా, యాత్ర ఎట్లయితది?"

ఈ జవాబును తేలికగా తీసుకోకూడదు. ప్రక్రియ రచయితను ఎంత గట్టిగా పట్టుకోగలదో ఇది చెబుతున్నది. తండ్రిని వదిలిపెట్టింది కొడుకు కృతఘ్నత కాదు. మనం, విమర్శకులమూ, పంతుళ్ళమూ, పాఠ్యప్రణాళికల్లో నేర్పిన విభజన అది. డిగ్రీలో యాత్రాసాహిత్య లక్షణాలు అని నేను చెప్పిన పాఠం అతడి నోటుపుస్తకంలో ఉండే ఉంటుంది.

దీనికి మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ చెబుతారు. పంతులునూ కూలీనీ ఒక గాటన కట్టడం కూలీకి అన్యాయం చేయటమే అంటారు. క్యాంపులో ఒక గదికి పన్నెండుమంది పడుకునేవాడూ, ముగ్గురితో ఇల్లు పంచుకునేవాడూ ఒకటేనా? ఒకటి కాదు. పంతులు ఎండకు స్పృహ తప్పి పడిపోడు. జీతం ఆగితే ఇంగ్లీషులో అర్జీ రాసుకోగలడు. నేను చెప్పేది ఇద్దరూ సమానమని కాదు, ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని రాయటానికి ఇద్దరూ ఒకే పుస్తకంలో ఉండాలని. ఆ రాతప్రతిలోనే, యాభయ్యో పేజీలో, పాఠశాల వరండా తుడిచే మనిషి ఇతడు ఫోనులో మాట్లాడుతుండగా విని, "సారూ, మీది ఏ ఊరు?" అని అడుగుతాడు. జగిత్యాల దగ్గరి మనిషి. ఇతడు జవాబు చెప్పాడో లేదో రాయలేదు. పేజీ తిప్పితే వారాంతపు సముద్రతీరం. తన భాషలో పిలిచిన మనిషి ముందు పంతులు ఎందుకు బెదిరాడు? మేనేజిమెంటు చూస్తుందనా, పిల్లలు వింటారనా, తండ్రి గుర్తొచ్చాడనా? యాత్రాచరిత్రలో ఈ ప్రశ్నకు చోటు లేదు. వలస కథలో పంతులుకే చోటు లేదు.

ఉపాధ్యాయుడు మోసానికి అతీతుడన్న భ్రమ కూడా మంచిది కాదు. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి పోయిన సుమారు 350 మంది ఉపాధ్యాయులు తమ దగ్గర దళారీ సంస్థ అన్యాయంగా ఫీజులు గుంజిందని దావా వేస్తే, 2012లో జూరీ 45 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. వాళ్ళు డిగ్రీలున్నవాళ్ళు, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవాళ్ళు. తేడా ఏమిటంటే వాళ్ళు తమను శ్రామికులుగా గుర్తించుకుని, కార్మికసంఘం అండతో కోర్టుకెక్కారు. యాత్రికులు కోర్టుకెక్కరు.

మలయాళంలో ఈ గోడ కొంత పగిలింది. 2008లో వచ్చిన "ఆడుజీవితం" రాసిన బెన్యామిన్ అప్పట్లో స్వయంగా బహ్రెయినులో ఉద్యోగి. గొర్రెలు కాచినవాడు కాదు. ఆ నవలలో అత్యంత భయంకరమైన ఘట్టం ఎడారిలో జరగదని నా అభిప్రాయం. అది రియాదు విమానాశ్రయం బయట జరుగుతుంది. తీసుకుపోవటానికి ఎవరు రావాలో తెలియక, భాష తెలియక, ఎవరో ఒకడు వచ్చి పాస్‌పోర్టు చూసి నడవమంటే వాడే తన యజమాని అనుకుని నజీబు వాడి వెంట బండి ఎక్కుతాడు. కొత్త దేశంలో మొదటి గంట అంటే అది. ఉద్యోగి అయిన రచయిత ఆ గంటను తన సొంత మొదటి గంటతో కొలిచి చూసుకోకుండా అట్లా రాయగలడని నేను నమ్మను. మన అశోక్ కుమార్ కూడా ఉపాధ్యాయుడై ఉండి పోయినవాళ్ళ కథ రాశాడు. ఇప్పుడు తెలుగులో కొరతగా ఉన్నది దీనికి రెండవ సగం: పోయిన ఉపాధ్యాయుడు, తన ఒప్పందపత్రాన్ని బల్ల మీద పెట్టుకుని, పక్కవరసలో గోడవారన కూర్చున్న పదకొండుమందిని కూడా చూస్తూ రాసిన పుస్తకం.

అటువంటిది వస్తే వీరాస్వామయ్య లెక్కల అలవాటు దానికి ఎంతో ఉపకరిస్తుంది. జీతమెంత, చేతికొచ్చిందెంత, అద్దె ఎంత, ఇంటికి పంపిందెంత, సెలవుకు ఎవరి అనుమతి కావాలి, తన తరగతిలో కూర్చున్న పిల్లల తండ్రులు ఏ పనులు చేస్తారు, కూలీల పిల్లలు ఆ బడిలో ఎందుకు లేరు. ఈ చివరిదానికి జవాబు సులభం: కూలీలకు కుటుంబాన్ని తెచ్చుకునే వీసా దొరకదు. వాళ్ళ పిల్లలు గంభీరావుపేట బడుల్లో ఉన్నారు. ఇక్కడి పిల్లల తండ్రులు అక్కడ పనిచేస్తుంటే, ఇక్కడి పంతులు అక్కడికి పోయి వేరేవాళ్ళ పిల్లలకు పాఠం చెబుతాడు. ఇది నవలకు సరిపోయే వస్తువు. ఆరు పేజీల భవనవర్ణన దీనిముందు ఎంత!

రాతప్రతి రెండవ రూపు పోయిన నెల నాకు అందింది. పేరు మారింది; ఇప్పుడు "మొదటి మూడు నెలలు" అని ఉన్నది. గ్రాంథిక వాక్యం పోయి "నా పాస్‌పోర్టు కూడ తీసుకున్నరు, ఇయ్యలేదు" అన్నది వచ్చింది. పదకొండు కార్డుల ఘట్టంలో నవ్వు తగ్గింది, ఊళ్ళ పేర్లు వచ్చినవి. జగిత్యాల మనిషికి జవాబు చెప్పినట్టు రాశాడు. అది నిజంగా చెప్పాడా, నా ఉత్తరం చూసి చెప్పించాడా అన్నది నాకు అనుమానమే, ఆ సంభాషణ మరీ చక్కగా ఉన్నది. తండ్రి ఇంకా రాలేదు. నలభై మూడో పేజీలో మాత్రం, ఎత్తయిన భవనం కింద నిలబడి, దాని సెంట్రింగు ఎవరు కొట్టి ఉంటారో అని ఒక వాక్యం రాసి, దాన్ని కొట్టేసి, కొట్టివేత కనిపించేటట్టే నాకు పంపాడు.